తీర్థపురాళ్ల దగ్గర సముద్రంలో గుడి ఉందంటారు, నిజమేనా?

నీలిగట్టు:
మొన్న మాఘ పౌర్ణమికి అమ్మని సముద్రస్నానానికి తీసుకెళ్లాను. పార్కింగ్ దొరికింది కదా అని మన విశాఖ ఆర్కే బీచ్‌లోనే కానిచ్చేద్దామంటే ఒప్పుకోలేదు. కోస్టల్ బ్యాటరీ వైపు తీర్థపురాళ్ల దగ్గరే చెయ్యాలంది. సరే, వెళ్లాం. నాలుగు మునకలు వేసి, తడి చీరతోనే సముద్రం వైపు తిరిగి చేతులు జోడించి అలాగే నిలబడిపోయింది. ఏడేళ్ల మా పాప నా షర్టు లాగి, "నాన్నా, నానమ్మ ఎవరికి దండం పెడుతోంది? అక్కడ గుడేం లేదుగా" అంది.

అమ్మకి వినబడింది. "ఉందే. నీళ్లలో ఉంది. విశాఖేశ్వరుడి గుడి. మన ఊరికి ఆయన పేరే" అంది.

నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. నలభై దాటాయి. మా ఊరి పేరు ఎక్కడిదో నాకంటే ముందు మా పాప తెలుసుకుంది. అందుకే అడుగుతున్నా. ఆ గుడి ఎవరు కట్టారు? నిజంగా మునిగిందా? ఆ రాళ్లకి ఆ పేరెందుకు వచ్చింది? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రి పడుకునేముందు ఆ అమ్మాయికి జవాబు చెప్పుకోవాలి.

ఉల్లిపకోడీ:
పాపకి ముందు డాల్ఫిన్స్ నోస్ కథ చెప్పండి సార్, అదైతే ఈజీ. కొండ డాల్ఫిన్ ముక్కులా ఉంది, తెల్లదొర చూశాడు, పేరు పెట్టాడు, కథ అయిపోయింది.

పాతూరోడు:
అందుకేనేమో ఆ పేరు మా ముసలాళ్ల నోటికి ఎక్కలేదు. వాళ్లకి అది ఇప్పటికీ యారాడ కొండే. సరే, అసలు విషయానికి వద్దాం.

మా వన్‌టౌన్‌లో చెప్పుకునే కథ ఇది. పూర్వం ఒక ఆంధ్రరాజు కాశీయాత్రకి బయల్దేరాడు. పరివారంతో తీరం వెంబడి వస్తూ ఇక్కడ మజిలీ చేశాడు. ఈ చోటు ఆయనకి తెగ నచ్చేసింది. కొండ, ఏరు, సముద్రం అన్నీ ఒక్కచోటే ఉన్నాయి మరి. తన ఇలవేల్పు విశాఖేశ్వరుడికి ఒడ్డునే గుడి కట్టించాడు. దాని చుట్టూ ఊరు వెలిసింది, అదే విశాఖపట్నం. తర్వాత సముద్రం ముందుకొచ్చి గుడిని తనలో కలిపేసుకుంది. గుడి పోయినా ఆ నీళ్లు తీర్థమే కాబట్టి పర్వదినాల్లో జనం అక్కడే మునుగుతారు. అక్కడి రాళ్లు తీర్థపురాళ్లు అయ్యాయి.

ఇది నిన్నమొన్న వాట్సాప్‌లో పుట్టిన కథ కాదు. జిల్లా వివరాలన్నీ దొరలు రాసిపెట్టిన పుస్తకం, అదే 1907 నాటి విశాఖ జిల్లా గెజిటీర్‌లోనే ఉంది.

దుబాయ్‌లో_డాబాగార్డెన్స్:
గెజిటీర్‌లో ఉన్నమాట నిజమే గానీ, అందులో గుడి లాసన్స్ బేకి దక్షిణాన ఉండేదని రాశారు. లాసన్స్ బే ఎక్కడ, కోస్టల్ బ్యాటరీ ఎక్కడ! మధ్యలో బీచ్ రోడ్డు మొత్తం ఉంది. ఇక్కడ కూర్చుని మ్యాప్ తెరిచి చూస్తున్నాను, "దక్షిణాన" అనే మాటలో ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, తీర్థపురాళ్లు అన్నీ పట్టేస్తాయి. ఏ చోటనుకోవాలి?

పాతూరోడు:
దొరగారు గుర్రబ్బండిలోంచి చేత్తో చూపించి రాయించి ఉంటారు తమ్ముడూ. స్నానాలు ఎక్కడ జరుగుతున్నాయో చూడు. గుడి ఆనవాలు పోయినా అలవాటు చోటు మార్చుకోదు.

శాసనాలపిచ్చి:
ఆలస్యంగా చూశాను, క్షమించాలి. రిటైరైన తెలుగు పంతుల్ని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటేసి వెళ్లిపోవచ్చు.

ముందు దేవుడి సంగతి. విశాఖుడంటే కుమారస్వామి. అమరకోశంలో ఆయన పేర్ల వరసలో "బాహులేయస్తారకజిద్విశాఖః శిఖివాహనః" అని వస్తుంది. మరి విశాఖేశ్వరుడు? చివర "ఈశ్వర" ఉంటే మనం సాధారణంగా శివలింగం అనుకుంటాం. రాముడు ప్రతిష్ఠిస్తే రామేశ్వరం, భీముడి పేర భీమేశ్వరం. ఆ లెక్కన విశాఖుడు కొలిచిన శివుడని చెప్పుకోవాలి. కథలు చెప్పేవాళ్లు మాత్రం కొందరు కుమారస్వామి గుడి అంటారు, కొందరు శివాలయం అంటారు. కొన్నిచోట్ల విశాఖేశ్వరుడు కాస్తా వైశాఖేశ్వరుడు కూడా అయ్యాడు. మీ అమ్మగారు ఏ దేవుణ్ణి తలుచుకుని దండం పెట్టారో అడిగి చూడండి.

రెండోది కాలం. ఆ రాజు 9, 11 శతాబ్దాల మధ్యవాడని కొందరూ, 14వ శతాబ్దం వాడని ఇంకొందరూ అంటారు. ఈ రెండో లెక్క నిలవదు. ఎందుకంటే 11వ శతాబ్దపు శాసనాల్లోనే విశాఖపట్టణం పేరు ఉంది. అప్పటికే ఊరుంది, వర్తకులున్నారు, పేరూ ఉంది. 14వ శతాబ్దంలో ఎవరో వచ్చి గుడి కట్టి ఊరికి పేరు తేవడం ఎలా కుదురుతుంది? కథ నిజమైతే అది అంతకంటే పాతదై ఉండాలి.

నాకు భలే నచ్చే ముక్క ఇంకోటుంది. అదే కాలంలో ఈ ఊరికి కులోత్తుంగచోళపట్టణం అని మరో పేరు కూడా పెట్టారు. చక్రవర్తి పేరు! సింహాచలంలో ఆయన కాలపు శాసనం 1098 నాటిది ఉంది, ఇటువైపు అంత పలుకుబడి ఆయనది. అయినా ఆ పేరు రాతి మీదే ఉండిపోయింది. పేరే తెలియని ఒక బాటసారి రాజు కట్టించాడనే గుడి పేరు మాత్రం రైల్వే స్టేషన్ బోర్డు దాకా వచ్చింది.

ఉల్లిపకోడీ:
మాస్టారూ, ఆ లాస్ట్ పేరాకి సలాం.

పాతూరోడు:
సలాం అంటే గుర్తొచ్చింది. ఊరి పేరుకి ఇంకో కథ కూడా ఉంది. హార్బర్ మొగలో మూడు కొండలు చూసుంటారు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత. దర్గా బాబా పేరు మీదే ఇషాక్‌పట్నం, అదే ఇసాకపట్నం అయిందని మా వీధిలో చెప్పేవాళ్లున్నారు. పాతరోజుల్లో లోపలికొచ్చే ఓడ, బయటికెళ్లే ఓడ బాబాకి మర్యాదగా జెండా మూడుసార్లు దించి ఎత్తేదట. ఇది కూడా ఆ దొరల పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇసక ఎక్కువ కాబట్టి ఇసకపట్నం అనేవాళ్లు వేరే.

శాసనాలపిచ్చి:
బాబా మీద గౌరవం ఉంది, నేనూ ఆ కొండెక్కాను. కానీ శాసనంలో రాసింది "విశాఖ" అనే. ఇసాకపట్నం అనేది విశాఖపట్నాన్ని నోరు తిరిగినట్టు పలకడంలో వచ్చింది. అలా పలకడం మొదలయ్యాక ఇసక కథ, ఇషాక్ కథ రెండూ దానికి అతుక్కున్నాయి. ముందు మాట అరుగుతుంది, ఆ అరిగిన మాటకి కథ పుడుతుంది.

దుబాయ్‌లో_డాబాగార్డెన్స్:
మరి బుద్ధుడి శిష్యురాలు విశాఖ మాటేంటి మాస్టారూ? తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ, అటు శంకరం దగ్గర బొజ్జన్నకొండ, ఇన్ని బౌద్ధ క్షేత్రాలు చుట్టూ పెట్టుకుని పేరు మాత్రం కుమారస్వామి ఖాతాలో వేస్తే ఎలా?

శాసనాలపిచ్చి:
ఆకర్షణ ఉన్న ఊహే. తొట్లకొండని నేవీ వాళ్లు 1976లో విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు గుర్తించారు. అప్పటిదాకా అక్కడ అంత పెద్ద విహారం ఉందని బయటి ప్రపంచానికి తెలియదు. కాబట్టి నేల కింద ఏముందో మనకి పూర్తిగా తెలుసని నేననను. కానీ పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపలేం. ఆ విశాఖ శ్రావస్తి ఆవిడ. ఆవిడ పేరు ఈ రేవుకి పెట్టారని చెప్పే అక్షరం ఒక్కటి చూపించండి, ఒప్పేసుకుంటాను.

దుబాయ్‌లో_డాబాగార్డెన్స్:
అక్షరం అడిగితే విశాఖేశ్వరుడి గుడికీ లేదు కదండీ! రాజు పేరు లేదు, తేదీ లేదు, రాయి లేదు.

శాసనాలపిచ్చి:
దెబ్బ కొట్టావు నాయనా. నిజమే.

తెప్ప:
అందరికీ నమస్కారం. మాది జాలారి కుటుంబం. తాత తెప్ప మీద వెళ్లేవాడు, నాన్నకి ఫైబర్ పడవ, నేను షిప్‌యార్డ్‌లో కాంట్రాక్టు పని. పురాణాలు నాకు తెలీవు గానీ నీళ్లు తెలుసు.

ఆ వైపు నీటి కింద రాళ్లున్నమాట నిజం. వల వేస్తే పట్టుకుని చింపేస్తాయి, అందుకే మావాళ్లు అక్కడ వల దించరు. ఎక్కడ రాయుందో తాతకి జీపీఎస్ లేకుండానే తెలిసేది. యారాడ కొండ ముక్కునీ, ఒడ్డు మీద ఇంకో గుర్తునీ కంటితో కలిపి చూసుకుని, "ఇక్కడ" అనేవాడు. చిన్నప్పుడు నేనూ అడిగాను, "తాతా, అక్కడ గుడుందంట గదా" అని. "ఏమో, గంగమ్మ ఇంట్లో ఎవరెవరున్నారో నాకెందుకు, చేపలిస్తే చాలు" అన్నాడు.

ఒక్క సంగతి. ఆటు బాగా లాగినప్పుడు పలకలు పలకలుగా, అంచులు చెక్కినట్టున్న రాళ్లు కొన్ని కనిపిస్తాయి. చూస్తే ఎవరో పేర్చినట్టే ఉంటుంది. నేను గుడి అనను, కానీ చూసినవాడికి అలా అనిపించడంలో తప్పులేదు.

అన్నట్టు నీలిగట్టు అన్నా, అమ్మగారిని ఆ రాళ్ల మీదకి మాత్రం ఎక్కించకు. నాచు పట్టి ఉంటాయి, జారితే అల అటే లాగుతుంది. ఒడ్డున మునిగినా తీర్థమే.

రాయిరప్ప:
తెప్ప గారు చెప్పిన పలకల గురించి నేను చెప్తాను. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదువుకున్నాను, ఇప్పుడు బోర్‌వెల్స్ పాయింట్లు చూపించుకుంటున్నాను (నవ్వకండి).

మన తీరంలో కొండలూ రాళ్లూ ఎక్కువగా ఖోండలైట్. ఈ రాతిలో సహజంగానే నిలువు, అడ్డం చీలికలుంటాయి. అల శతాబ్దాలపాటు ఆ చీలికల్లోకి కొడుతూ ఉంటే రాయి పలకలుగా, దాదాపు చదరపు దిమ్మెలుగా విడిపోతుంది. శిల్పి చేసిన పనిలా ఉంటుంది. మంగమారిపేట దగ్గర సముద్రపు ఒడ్డున రాతి తోరణం చూడండి, ద్వారంలా ఉంటుంది కదా, దాన్నీ మనిషి చెక్కలేదు.

ఇక మునగడం గురించి. "సముద్రమట్టం పెరిగి గుడి మునిగింది" అని యూట్యూబ్‌లో ఒకాయన గట్టిగా చెప్తున్నాడు. అది తప్పు. 20 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందకి ఉండేది, నిజమే. కానీ దాదాపు 7 వేల ఏళ్ల కిందటికే ఇంచుమించు ఇప్పటి మట్టానికి వచ్చేసింది. వెయ్యేళ్ల కిందట కట్టిన గుడిని మట్టం పెరిగి ముంచలేదు. మరి గుడి పోయే దారే లేదా అంటే ఉంది. అది కోత. ఒడ్డు కింద ఇసక కొట్టుకుపోతే పునాది కూలుతుంది, రాళ్లు నీళ్లలో పడతాయి. దానికి వేల ఏళ్లు అక్కర్లేదు, నాలుగు పెద్ద తుపాన్లు చాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీచ్ రోడ్డుకి ఏమైందో ఇక్కడివాళ్లకి నేను చెప్పాలా?

కాబట్టి కథలో "సముద్రం ముందుకొచ్చింది" అన్న మాటని నేను కొట్టిపారెయ్యను. ఆ మాట అన్నవాళ్లు ఒడ్డు కోసుకుపోవడం కళ్లారా చూసినవాళ్లే అయ్యుంటారు.

నీలిగట్టు:
అద్భుతం సార్. అయితే ఆ రాజు కాలంలో ఒడ్డు ఇంకా ముందుకు ఉండేదా?

రాయిరప్ప:
ఎంత ముందుకో చెప్పలేను. కానీ మీరిప్పుడు చూస్తున్న ఒడ్డు రాజు కాలంది కాదు సరికదా, మీ ముత్తాత కాలంది కూడా కాదు.

మన తూర్పుతీరంలో అలలు ఇసకని ఏడాదంతా మోసుకుపోతూ ఉంటాయి. నైరుతి గాలులప్పుడు ఉత్తరానికి, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. హార్బర్ కట్టకముందు ఆ ఇసక యారాడ కొండ చుట్టూ తిరిగి, ఏటి మొగలో మేటలు వేసి, అక్కడినుంచి మన బీచ్‌లకి వచ్చేది. ఆ మేటల వల్లే పెద్ద ఓడలు లోపలికి రాలేక దూరంగా లంగరు వేసుకునేవి. హార్బర్ కట్టేటప్పుడు ఇసకని ఆపడానికి జానస్, విల్లెస్‌డెన్ అనే రెండు పాత ఓడల్ని మొగ దగ్గర కావాలని ముంచి అడ్డంగా వేశారు. 1933లో హార్బర్ తెరిచారు. అప్పటినుంచి దక్షిణాన్నుంచి వచ్చే ఇసక అక్కడ ఆగిపోతోంది. ఉత్తరాన ఉన్న మన బీచ్‌కి ఆకలి మొదలైంది. పోర్టు వాళ్లు ఆగిన ఇసకని తవ్వి పైపుల్లో ఇటు పోస్తున్నారు, సముద్రం తినేస్తోంది, మళ్లీ పోస్తున్నారు. తీర్థపురాళ్లు సరిగ్గా ఈ మొగకి ఉత్తరాన్నే ఉన్నాయి. ఏడాదిలో ఒకసారి ఇసకలో సగం కూరుకుపోయి, ఇంకోసారి మొత్తం బయటపడి కనిపించడం అందుకే.

ఉల్లిపకోడీ:
అంటే సముద్రంలో గుడి ఉందో లేదో తెలీదు గానీ రెండు ఓడలు మాత్రం గ్యారంటీ. 1971లో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని కూడా కలిపితే మూడు. మన సముద్రం ఏం తిన్నా అరిగించుకుంటుంది.

దుబాయ్‌లో_డాబాగార్డెన్స్:
2004 సునామీ అప్పుడు మహాబలిపురంలో నీళ్లు వెనక్కి వెళ్లి, ఇసక కొట్టుకుపోయి, పాత కట్టడాలు బయటపడ్డాయి కదా. తర్వాత పురావస్తు శాఖ తవ్వితే గుడి పునాదులు దొరికాయి. అక్కడ కూడా అంతకుముందు "ఏడు గుళ్లు, ఆరు మునిగాయి" అన్నది కథే. మనకీ ఏదో ఒకరోజు అలా జరగొచ్చేమో.

రాయిరప్ప:
జరగొచ్చు. కానీ అక్కడ ఒడ్డున ఒక గుడి నిలబడి ఉంది, ఎక్కడ వెతకాలో తెలుసు. ఇక్కడ మనకున్న ఆనవాలు స్నానం చేసే జనమే. పైగా పక్కనే హార్బర్, నేవీ. ఎవరు పడితే వాళ్లు మునిగి వెతుకుతామంటే ఊరుకుంటారా?

శాసనాలపిచ్చి:
ఇంతమంది ఇంత రాశారు గానీ ఒక మాట వదిలేశాం. తీర్థం. మన ఉత్తరాంధ్రలో తీర్థం అంటే గుళ్లో గరిటెతో పోసేది ఒక్కటే కాదు. జాతరని కూడా తీర్థం అంటాం. "మా ఊళ్లో తీర్థం, రండి" అని చుట్టాల్ని పిలుస్తాం. కాబట్టి తీర్థపురాళ్లు అంటే పవిత్రజలం దగ్గరి రాళ్లే కావచ్చు, ఏటా జనం కూడే తీర్థం జరిగే చోటి రాళ్లు కూడా కావచ్చు. రెండో అర్థం తీసుకుంటే గుడితో పనే లేదు. స్నానాలకి జనం వచ్చారు, తీర్థం సాగింది, రాళ్లకి పేరొచ్చింది. మరి జనం ఇక్కడికే ఎందుకొచ్చారు అంటే మళ్లీ గుడి దగ్గరికే రావాలి. నేను ఈ గుండ్రంలో ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను.

పాతూరోడు:
మాస్టారూ, రాజు కాశీకి ఈ దారిన రావడమేంటని మా బావమరిది వాదిస్తున్నాడు. గోదావరి వైపునుంచి కాశీ వెళ్లాలంటే పైకి, నాగపూర్ మీదుగా పోవాలి గదా అంటాడు.

శాసనాలపిచ్చి:
రెండు దారులూ ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుంచి బయల్దేరి నాగపూర్ మీదుగానే కాశీ వెళ్లారు. తిరుగు ప్రయాణం మాత్రం కలకత్తా, పూరీ చూసుకుని తీరం వెంబడి మన వైపునుంచే. పూరీ కూడా చూద్దామనుకున్న రాజు ఈ దారి పట్టడంలో వింతేం లేదు. మీ బావమరిదికి నా నమస్కారాలు చెప్పండి.

తెప్ప:
మాస్టారూ, మీ గుండ్రం గురించి నాదో మాట. ఆ చోట రాళ్లు అలని కాస్త విరుస్తాయి. మిగతా బీచ్ మీద లోతు ఒక్కసారిగా వచ్చేస్తుంది, మొదటి అలకే మనిషి తూలుతాడు. ముసలాళ్లు, ఆడవాళ్లు ఒడ్డున కూర్చుని మునగాలంటే రాళ్ల చాటు మంచిదని పాతకాలంలో అనుకుని ఉండొచ్చు. జనం అందుకే వచ్చారేమో. దేవుడు తర్వాతే వచ్చాడేమో. తప్పుగా అంటే క్షమించండి.

శాసనాలపిచ్చి:
తప్పేముంది బాబూ. ఇంతసేపట్లో ఎవరికీ తట్టని మాట అన్నావు. కాకపోతే పొద్దున నువ్వే రాళ్ల మీదకి ఎక్కొద్దన్నావు!

తెప్ప:
ఎక్కొద్దన్నాను, చాటున కూర్చోవద్దనలేదు సార్.

అడ్మిన్:
చర్చ బాగుంది, అందుకే పైన పిన్ చేస్తున్నాను. రాజు కులం ఏంటని అడిగిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఇక ఆ దారి పట్టకండి.

నీలిగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి అమ్మకి మొత్తం చదివి వినిపించాను. మాస్టారూ, మీరడిగిన ప్రశ్న అడిగాను, కుమారస్వామా, శివుడా అని. "తండ్రీకొడుకులే గదా, ఎవరికి పెట్టినా ఒకటే" అంది. శాసనాల దగ్గర కొంచెం కునుకు తీసింది, ఏమీ అనుకోకండి. ఇసక సంగతి మాత్రం శ్రద్ధగా విని, తన పెళ్లైన కొత్తలో రాళ్ల దగ్గరికి చేరాలంటే ఇసకలో చాలా దూరం నడవాల్సి వచ్చేదని చెప్పింది. రాయిరప్ప గారూ, ఇది మీ లెక్కకి పనికొస్తుందేమో చూడండి.

పాపకి రాజు కథ, ఇసక కథ రెండూ చెప్పాను. గుడి ఉందని కొందరంటారు, రాళ్లే అలా ఉన్నాయని కొందరంటారు, నువ్వు పెద్దయ్యాక చూసి చెప్పు అన్నాను. అంతా విని ఒకే ప్రశ్న వేసింది, నా దగ్గర జవాబు లేదు: "మరి ఆ రాజు కాశీ వెళ్లాడా, ఇక్కడే ఉండిపోయాడా?"

పాతూరోడు:
అవును కదా! యాభై ఏళ్లుగా వింటున్నాను, ఒక్కసారి కూడా అడగాలని తోచలేదు.

శాసనాలపిచ్చి:
ఏ కథలోనూ చెప్పలేదమ్మా. గుడి కట్టించేదాకానే ఉంటాడు, ఆ తర్వాత కనబడడు.

ఉల్లిపకోడీ:
వైజాగ్ వచ్చినవాడు తిరిగెళ్తాడేంటి మాస్టారూ. ఇక్కడే ఎక్కడో స్థలం కొనేసుకుని ఉంటాడు.